సైకిల్ కొట్టులో పుట్టిన ఫియట్

బండి కదిలిన కాలం – 11

1900లో నౌపడా నుంచి పర్లాకిమిడికి ఒక చిన్న రైలు బయల్దేరింది. పర్లాకిమిడి రాజా గౌరచంద్ర గజపతి సొంత ఖర్చు పెట్టి వేయించిన లైను అది. పట్టాల మధ్య ఎడం రెండున్నర అడుగులే. పొడవు సుమారు 40 కిలోమీటర్లు. అంతకు కొన్నేళ్ళ ముందే మద్రాసు–కలకత్తా పెద్ద లైను ఈ సీమలోకి వచ్చింది గాని, శ్రీకాకుళం పట్టణంలోకి మాత్రం రాలేదు. ఆమదాలవలసలోనే ఆగి, 'శ్రీకాకుళం రోడ్' అని పేరు పెట్టుకుని ఊరుకుంది. అక్కడ దిగినవాడు ఊళ్ళోకి చేరాలంటే జట్కా ఎక్కాలి, లేదా ఎడ్లబండి. ఇంజను అనేది పట్టాల మీద నడిచే వస్తువు. పట్టాలు లేనిచోట చక్రం తిరగాలంటే ఎద్దో, గుర్రమో, మనిషో ఉండాల్సిందే.

ఆ రోజుల్లోనే ఇటలీ ఉత్తరాన, ఆల్ప్స్ కొండల నీడలో ఉన్న టురిన్ నగరంలో ఒక సైకిల్ కొట్టు ఉండేది.

కొట్టు యజమాని పేరు జొవాన్ని బత్తిస్తా చెయిరానో. అప్పట్లో సైకిల్ అంటే ఇంగ్లండుదే సైకిల్ అని ఇటలీ జనం నమ్మకం. అందుకని ఆయన తన సైకిళ్ళకు 'వెల్లైస్' అని ఇంగ్లీషు వాసన కొట్టే పేరు పెట్టుకున్నాడు. ఊళ్ళో నేసిన గుడ్డకు సీమ పేరు అంటించి అమ్మే తెలివి మనవాళ్ళకే సొంతం కాదన్నమాట. సైకిళ్ళు బాగా అమ్ముడుపోయాక మోటారు మీదికి మనసు పోయింది. అరిస్తీదే ఫాచ్చోలి అనే ఇంజనీరు చేత ఒక చిన్న మోటారు బండి గీయించి తయారు చేయించాడు. బండి నడిచింది. నడిచిందని తెలిశాక కొనేవాళ్ళు ఎగబడ్డారు. అంతమందికి చేసిపెట్టే పెట్టుబడి కొట్టులో లేదు.

పెట్టుబడి ఉన్నవాళ్ళు అదే ఊళ్ళో ఉన్నారు. 1899 జులై 11న టురిన్‌లోని కొందరు జమీందార్లు, వ్యాపారులు, బ్యాంకు మనుషులు కలిసి ఒక కంపెనీ పెట్టారు. దాని ఇటాలియన్ పేరును నాలుగు అక్షరాలకు కుదిస్తే ఫియట్. 'టురిన్‌లోని ఇటలీ మోటారు కార్ఖానా' అని దాని అర్థం. లాటిన్‌లో ఆ మాటకే 'అగుగాక' అనే అర్థం కూడా ఉండటం వాళ్ళకు కలిసొచ్చింది. భాగస్థుల్లో ఒకడు జొవాన్ని అన్యెల్లి. సైన్యంలో గుర్రపు దళంలో పనిచేసి వచ్చినవాడు. కొద్ది ఏళ్ళలోనే కంపెనీ పగ్గాలు ఆయన చేతికి వచ్చాయి. వీళ్ళు చేసిన మొదటి తెలివైన పని చెయిరానో కొట్టును కొనెయ్యడం. బండి నమూనా, పనిముట్లు, ఫాచ్చోలి, పనివాళ్ళు అన్నీ 30,000 లీరాలకు వచ్చేశాయి.

అలా బయటికి వచ్చిన తొలి ఫియట్ మూడున్నర గుర్రాల బండి. 679 సీసీ ఇంజను, రెండు సిలిండర్లు. ఇంజను వెనకాల సీటు కింద ఉండేది. గంటకు 35 కిలోమీటర్ల వేగం. ముందు కూర్చునేవాళ్ళు దారి వైపు వీపు పెట్టి, నడిపేవాడి ముఖం చూస్తూ కూర్చోవాలి. గుర్రపు సారట్లలో ఎదురెదురుగా కూర్చోవడం అలవాటైన పెద్దమనుషులకు అదే మర్యాద. నడిపేవాడికి దారి కనపడాలంటే వాళ్ళ టోపీల మధ్యనుంచి చూసుకోవాలి. మూడు గేర్లున్నాయి, అన్నీ ముందుకే. రివర్స్ గేరు లేదు. బండి వెనక్కి తిప్పుకోవాలంటే దిగి తోసుకోవాలి. 1899లో ఇలాంటివి ఎనిమిది తయారయ్యాయి. మరుసటి ఏడు కోర్సో దాంతే వీధిలో ఫ్యాక్టరీ తెరిచాక, ఏడాది పొడవునా కష్టపడితే 24 బళ్ళు వచ్చాయి. నౌపడా రైలు ఒక్క పూటలో ఎక్కించుకున్న జనం వీటన్నిటిలో కూడా పట్టరు.

ఇక్కడ ఫియట్ కంటే ముఖ్యమైనది ఆ సైకిల్ కొట్టే. అక్కడ లెక్కలు రాసిన కుర్రాడు విన్చెంజో లాంచా. కొట్టు ఉన్న ఇల్లు అతని తండ్రిదే. లెక్కలకన్నా ఇంజన్లమీదే అతనికి ఎక్కువ ధ్యాస. ఫియట్‌లో చేరి పందేల కార్లు నడిపాడు. 1906లో తన పేరుతోనే కార్ల కంపెనీ పెట్టాడు. అదే కొట్టులో పని నేర్చిన ఇంకో కుర్రాడు ఫెలీచె నద్జారో. 1907లో సిసిలీలో టార్గా ఫ్లోరియో, జర్మనీలో కైజర్ కప్పు, ఫ్రాన్స్‌లో గ్రాండ్ ప్రీ, మూడు పెద్ద పందేలూ ఒకే ఏడాది ఫియట్ మీద గెలిచాడు. చెయిరానో తమ్ముడు మత్తేయో 1904లో వేరుగా కుంపటి పెట్టుకున్నాడు. ఆ కంపెనీ పేరు 'ఇటాలా'. ఒక్క సైకిల్ కొట్టు నుంచి ఫియట్, లాంచా, ఇటాలా మూడూ పుట్టుకొచ్చాయి. రాజవీధిలో ఒక మేస్త్రీ దగ్గర పని నేర్చిన కుర్రాళ్ళు నలుగురు నాలుగు మూలల షెడ్లు పెట్టుకోవడం మనం చూడనిదా?

ఈ ఇటాలా గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి.

1907 జనవరి 31న పారిస్ పత్రిక 'ల మతాఁ' ఒక సవాలు విసిరింది. చైనా రాజధాని పెకింగ్ నుంచి పారిస్‌కు మోటారు కారులో రాగలవాళ్ళు ఎవరైనా ఉన్నారా? దూరం సుమారు 16,000 కిలోమీటర్లు. ఆ దారిలో గోబీ ఎడారి ఉంది, సైబీరియా బురద ఉంది, ఉరల్ కొండలు ఉన్నాయి, రోడ్డు మాత్రం లేదు. జూన్ 10న పెకింగ్‌లో ఐదు బళ్ళు బారు తీరాయి. రెండు ఫ్రెంచి ద దియోఁలు, ఒక డచ్చి స్పైకర్, ఒక మూడు చక్రాల కోంతాల్, ఒక ఇటాలా. ఇటాలా కారుది 7,433 సీసీ ఇంజను. మిగతా నాలుగూ దానిముందు మేకపిల్లల్లాంటివి. దాని యజమాని రోమ్ నగరపు రాజవంశీకుడు షిపియోనె బోర్గేజె. మెకానిక్ ఎత్తోరె గ్విజ్జార్ది. అతని తండ్రి రైలు ప్రమాదంలో చనిపోతే, బోర్గేజె కుటుంబం ఆ కుర్రాణ్ణి చేరదీసి పెంచింది. వెనక సీటులో లుయీజి బార్జీని అనే విలేఖరి, ఒళ్ళో కాగితాలతో.

పెకింగ్ దాటగానే కొండదారి వచ్చింది. అక్కడ కారు సొంతంగా నడిచింది తక్కువే. కూలీలు తాళ్ళు కట్టి లాగారు, కంచరగాడిదలు లాగాయి. గోబీలో పెట్రోలు డబ్బాలు ఒంటెలు ముందే మోసుకెళ్ళి పెట్టాయి. కోంతాల్ మూడు చక్రాల బండి ఎడారిలోనే దిగబడిపోయింది. ఆ ఎడారి నడుమ ఒక తంతి ఆఫీసు కనిపిస్తే బార్జీని ఆత్రంగా వెళ్ళి తన వార్త ఇచ్చాడు. తంతివాడు కాగితం మీద ఒకటో నంబరు వేశాడు. ఈ రోజుకు ఒకటోదా అని అడిగితే కాదట. ఆ ఆఫీసు తెరిచి ఆరేళ్ళయింది. అక్కణ్ణుంచి వెళ్తున్న మొదటి టెలిగ్రాం అదే.

బైకాల్ సరస్సు దాపున ఒక పుచ్చిన కర్ర వంతెన కారు బరువుకు విరిగింది. ఇటాలా వెనక్కి తిరగబడి కింద పడింది. రైల్వే కూలీలు వచ్చి దుంగలు వేసి పైకి లాగారు. స్టార్ట్ చేస్తే మళ్ళీ నడిచింది. రోడ్డు బాగా లేనిచోట అనుమతి తీసుకుని రైలు పట్టాల మీదనే, స్లీపర్ల మీద దడదడలాడుతూ పోయారు.

అసలు పరీక్ష చక్రానికి వచ్చింది. ఆ కాలపు కార్లకు చక్రాలు కర్రవే. బండి చక్రంలాగే మధ్యలో కుండ, చుట్టూ ఆకులు. కాకపోతే పైన ఇనుప పట్టాకు బదులు రబ్బరు టైరు. ఎడారి ఎండకు కర్ర ఎండి, ఒక చక్రం ఆకులు లొటలొటలాడటం మొదలుపెట్టాయి. పెర్మ్ నగరంలో ఆ చక్రాన్ని ఊడదీసి, నదీ స్నానాల గట్టు దగ్గర రాత్రంతా నీళ్ళలో నానబెట్టారు. కర్ర ఉబ్బితే ఆకులు బిగుస్తాయని. ఈ మాట ఎచ్చెర్ల రైతుకో, గజపతినగరం రైతుకో చెబితే ఆశ్చర్యపోయేవాడు కాదు. వేసవిలో బండి చక్రాలను చెరువులో పడుకోబెట్టడం ఇక్కడ ప్రతి పల్లెకూ తెలిసిన వైద్యం.

నానబెట్టినా ఆ చక్రం ఎక్కువ దూరం రాలేదు. కజాన్ చేరకముందే ఆకులు విరిగిపోయాయి. లక్షల లీరాల ఆస్తిపరుడి కారు రష్యా పల్లెదారిలో చతికిలబడింది. చుట్టుపక్కల అడిగితే ఒక గడ్డపు వడ్రంగిని చూపించారు. అతను మోటారు కారును అంత దగ్గరగా చూడటం అదే మొదలు. రంపం లేదు, బాడిత లేదు. ఉన్నదల్లా ఒక గొడ్డలి. ఆ గొడ్డలితోనే ఎండిన కర్రను చెక్కి, ఆకులు కొలత తప్పకుండా దించి, కొత్త చక్రం బిగించి ఇచ్చాడు. ఇటాలా మళ్ళీ బయల్దేరింది.

ఆగస్టు 10న బోర్గేజె పారిస్‌లోకి వచ్చాడు. మధ్యలో విందు కోసం సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు పక్కదారి పట్టి కూడా, తర్వాత వచ్చినవాళ్ళకంటే 20 రోజులు ముందున్నాడు. పత్రికలు రాజకుమారుడి పట్టుదలను పొగిడాయి, ఇటాలా ఇంజనును పొగిడాయి. గ్విజ్జార్ది పేరు అక్కడక్కడ వచ్చింది. వడ్రంగి పేరు ఎవరూ అడగలేదు. పుస్తకం రాసిన బార్జీని అతని గడ్డాన్ని, గొడ్డలిని గుర్తుపెట్టుకున్నాడు. అంతే. ఆ ఇటాలా ఇప్పుడు టురిన్ మోటారు మ్యూజియంలో ఉంది.

ఆ తర్వాత కొన్నేళ్ళు ఇటలీ కార్లకు పిచ్చి ముదిరింది. 1911లో ఫియట్ చేసిన 'ఎస్76' కారుకు ఇంజను 28 లీటర్లకు పైనే. సిలిండర్లు మాత్రం నాలుగే. ఒక్కో సిలిండరు ఏడు లీటర్ల పాల క్యాన్ అనుకోవచ్చు. దానికి 'టురిన్ మృగం' అని పేరొచ్చింది. ఎవరికీ పనికిరాని బండి. హైదరాబాదులో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ రోల్స్ రాయిస్‌కు పసుపుపచ్చ సింహాసనం కారు ఆర్డరిచ్చిందీ ఆ కాలంలోనే. కారు పూర్తయ్యేసరికి ఆయన లేడు. మోటారు అంటే వైభోగం అనుకున్న రోజులవి. టురిన్ పెద్దలకూ, మన రాజులకూ ఆ విషయంలో తేడా లేదు.

తేడా తెచ్చింది అన్యెల్లి అమెరికా ప్రయాణం. డెట్రాయిట్‌లో హెన్రీ ఫోర్డు కార్ఖానా చూసొచ్చాడు. టురిన్ శివారు లింగోత్తోలో 1916లో మొదలై 1923లో తెరుచుకున్న ఫ్యాక్టరీ దాని ఫలితమే. ఐదంతస్తుల మేడ. కింది అంతస్తులో ఇనుము లోపలికి పోతే, ఒక్కో అంతస్తూ ఎక్కుతూ, డాబా మీదికి వచ్చేసరికి కారు అవుతుంది. ఆ డాబా మీదే కిలోమీటరు చుట్టు బాట వేశారు, తయారైన కారును అక్కడే పరుగెత్తించి చూడటానికి. డాబాల మీద వడియాలు ఎండబెట్టే మనకు ఆ ఊహ తట్టదు.

చిన్న కారు చేయడానికి మాత్రం ఇంకా పదమూడేళ్ళు పట్టింది. 1936లో డాంతె జకోజా అనే యువ ఇంజనీరు గీసిన ఫియట్ 500 వచ్చింది. అంతకుముందు విమాన ఇంజన్ల విభాగంలో పనిచేసినవాడు కాబట్టి బరువును గ్రాముల్లో లెక్కపెట్టడం ఆయనకు అలవాటు. 569 సీసీ, 13 గుర్రాలు, గంటకు 85 కిలోమీటర్లు, ఇద్దరే మనుషులు. ఇటలీ జనం దానికి 'తొపొలీనో', చిట్టెలుక, అని ముద్దుపేరు పెట్టారు. వాళ్ళ భాషలో మిక్కీ మౌస్ పేరు కూడా అదే. ధర 8,900 లీరాలు. చవకే, కాని టురిన్ ఫ్యాక్టరీ కూలీకి అదీ అందని ద్రాక్షే. అయినా 1955 దాకా అయిదు లక్షలకు పైగా తయారయ్యాయి.

ఈ చిట్టెలుక మన దేశం చేరిన దారి విశాఖ తీరం పక్కనుంచి పోతుంది.

వాల్‌చంద్ హీరాచంద్ షోలాపూర్ మనిషి. 1919లో సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ పెట్టి, బ్రిటిష్ ఓడల కంపెనీలకు ఎదురు నిలిచాడు. ఓడలు నడిపితే చాలదు, ఓడలు కట్టాలన్నాడు. దానికి ఎంచుకున్న చోటు విశాఖపట్నం. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. నేటి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు రెండూ అప్పుడు విశాఖపట్నం జిల్లాలోనివే. ఏడాది తిరగకముందే, 1942 ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. అన్నిటినీ దాటుకుని 1948 మార్చి 14న 'జల ఉష' ఓడను ప్రధాని నెహ్రూ నీళ్ళలోకి వదిలారు.

అదే వాల్‌చంద్ మనసులో కారు కూడా ఉండేది. ఆ ఆశకు అక్షర రూపం ఇచ్చింది మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ఇంటిపేరు ప్రకాశం సీమలోని మోక్షగుండం ఊరిది. 1930ల నడుమ ఆయన యూరప్, అమెరికా తిరిగి కార్ల ఫ్యాక్టరీలు చూసి, ఇక్కడ ఒకటి పెట్టడానికి అంచనాలు రాశారు. 1940లో అమెరికా క్రైస్లర్‌తో వాల్‌చంద్ ఒప్పందం కుదుర్చుకున్నాడు. యుద్ధానికి కారు ఫ్యాక్టరీ అక్కర్లేదని ప్రభుత్వం అడ్డం చెప్పింది. యుద్ధానికి లారీలు అక్కర్లేదని చెప్పగలిగిన ప్రభుత్వం అది! చివరికి 1944లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ పుట్టింది. బొంబాయి కుర్లాలోని కార్ఖానా నుంచి 1947లో మొదటి బండి బయటికి వచ్చింది. అవి డాడ్జి, ప్లిమత్, ఫార్గో పేర్లతో వచ్చిన అమెరికా బళ్ళు. దేశానికి అవి పెద్దవి, పెట్రోలుకు పెద్దవి.

అందుకే 1950ల మొదట్లో కుర్లా కార్ఖానా ఫియట్ వైపు చూసింది. ముందు తొపొలీనో 500ను విడిభాగాలు తెచ్చి ఇక్కడ కూర్చారు. 1953లో టారిఫ్ కమిషన్ నివేదిక వచ్చింది. విడిభాగాలు తెచ్చి బిగించి అమ్మితే కుదరదు, దేశంలో తయారు చేసేవాళ్ళకే అనుమతి అంది ప్రభుత్వం. ఫోర్డ్, జనరల్ మోటార్స్ మూటాముల్లె సర్దుకున్నాయి. ప్రీమియర్ నిలబడింది. 1953 ఏప్రిల్‌లో వాల్‌చంద్ పోయాడు. మరుసటి ఏడు వచ్చిన ఫియట్ 1100 కారును ఆయన చూడలేదు.

తెలుగునాట 'ఫియట్' అంటే గుర్తొచ్చేది ఈ 1100 కారే. 1089 సీసీ, నాలుగు సిలిండర్లు, గేరు కడ్డీ స్టీరింగ్ పక్కన. ముందు సీటు బెంచీలా ఒక్కటే కావడం వల్ల ముగ్గురు సర్దుకోవచ్చు. తొలి రోజుల బళ్ళకు ముందు తలుపులు వెనక్కి తెరుచుకునేవి. 1964లో 'డిలైట్' అన్నారు, 1972లో ఇటలీతో ఒప్పందం ముగిశాక 'ప్రెసిడెంట్' అన్నారు, 1974లో చిత్తోర్‌గఢ్ రాణి పేరు మీద 'పద్మిని' అన్నారు. కంపెనీ ఎన్ని పేర్లు మార్చినా మనవాళ్ళు ఒక్కటే పిలిచారు. డాక్టరు గారి ఫియట్, ప్లీడరు గారి ఫియట్, మిల్లు యజమాని ఫియట్. డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూసిన కారు కాబట్టి ఆ ఇంట్లో దానికి వరస కలిపేంత చనువుండేది.

చనువు ఉండటానికి ఇంకో కారణం ఉంది. అది మన చేతికి లొంగే కారు. బానెట్ ఎత్తితే లోపల ఏం ఉన్నదో కనపడుతుంది. కార్బొరేటరు ఊదితే శుభ్రపడుతుంది. పాయింట్లకు గరుకు కాగితం రుద్దితే మళ్ళీ రవ్వ పుడుతుంది. బ్యాటరీ దిగిపోతే ముందునుంచి హ్యాండిలు కొట్టొచ్చు, లేదా నలుగురు తోస్తే రెండో గేరులో అంటుకుంటుంది. వెనక కమాను కట్టలో పట్టీ విరిగితే కొలిమి ఉన్నవాడు చాలు. బుష్ అరిగితే లేతు మిషన్ మీద ఇంకోటి చెక్కిస్తారు. కంపెనీ మనిషి బొంబాయిలో ఉంటే ఉండనీ, విజయనగరంలోనైనా శ్రీకాకుళంలోనైనా చెట్టు కింద షెడ్డు పెట్టుకున్న మేస్త్రీ చాలు. ఆయన చదివింది పుస్తకం కాదు, ఇంకో మేస్త్రీ చెయ్యి. రష్యా వడ్రంగి గొడ్డలికీ ఈయన పదో నంబరు పానాకీ చుట్టరికం ఉందంటే అతిశయోక్తి కాదు. చరిత్ర రాసేవాళ్ళు ఈయన పేరునూ అడగలేదు.

స్టీరింగ్ పక్కన గేరు కొత్త డ్రైవర్లను బాగా ఏడిపించేది. కడ్డీలు అరిగాయంటే రివర్స్ పడేది కాదు. అలాంటప్పుడు డ్రైవరు దిగి, బానెట్ ఎత్తి, చేత్తో లింకు సర్ది, మళ్ళీ ఎక్కేవాడు. ఆ ఓపిక కూడా లేనివాడు సందులోంచి కారును వెనక్కి తోయించేవాడు, 1899లో టురిన్ పెద్దమనుషులు తోసుకున్నట్టే.

కుర్లాలో పద్మిని తయారీ ఈ శతాబ్దం మొదట్లో ఆగిపోయింది. బొంబాయి నలుపు–పసుపు టాక్సీలుగా మిగిలినవి 2023 అక్టోబరు 30తో రోడ్డు దిగాయి. 20 ఏళ్ళ గడువు నిండింది.

(వచ్చే భాగం: పర్లాకిమిడి రాజా గారి చిన్న రైలు)